మోత రాని గోడ మాకొద్దు

మా బాబాయి దేన్నైనా వేలి కణుపుతో తట్టి చూస్తే తప్ప నమ్మడు. పెంకుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు పెంకుల్ని తట్టి, మోత విని, మంచివేవో బీటలు వారినవేవో వేరుచేసే ఉద్యోగం చేశాడు. ఆయనకి రిటైర్మెంట్ వచ్చింది గానీ ఆయన వేలికి రాలేదు. పుచ్చకాయ తడితే సరే, అందరూ తడతారు. ఈయన కొత్త కుర్చీని, బ్యాంకు కౌంటరుని, బస్సు తలుపుని, పక్కవాడి హెల్మెట్‌ని కూడా తడతాడు. నా పదో తరగతి పరీక్షలప్పుడు నా తల తట్టి, "డొల్ల లేదులే, పాసవుతావు" అన్నాడు. పాసయ్యాను. అది ఇప్పటికీ తన ఘనతే అంటాడు.

ఒకసారి దగ్గు పట్టుకుంటే బాబాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు ఈయన వీపు మీద వేళ్లతో తట్టి వింటుంటే ఈ మనిషి ఊరుకోడే! ఇంకాస్త కిందికి రండి, అక్కడ మోత బాగా తెలుస్తుందని సలహా. డాక్టరు పాపం నిజంగానే కిందికి వచ్చాడు.

అన్నిటికన్నా ఆయనకి ఇష్టమైనది హాల్లో గోడ. అది మాకూ పక్కింటి హెడ్మాస్టారికీ ఉమ్మడి గోడ. పదకొండు కొట్టగానే పేపరు మడిచి లేచి, ఆ గోడని రెండుసార్లు తట్టి, చెవి ఆనించి, "బాగుంది" అని తలూపి కూర్చుంటాడు. మూడింటికి మళ్లీ అదే తంతు. వెనకటికి ఈ టకటకలు భరించలేక మాస్టారు మూడు పేజీల ఫిర్యాదు రాసి పంపారు. బాబాయి జవాబు రాస్తే, అందులో తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపారు. అప్పట్నుంచి ఇద్దరూ ఉప్పూ నిప్పూ. రెండేళ్ల కిందట మాస్టారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట కూడా పోయింది. కూతురు ఆఫీసుకి వెళ్తే పగలంతా ఒక్కరే ఉంటారు. అయినా ఈయన తట్టడం మానలేదు. మనిషన్నాక కాస్త జాలుండొద్దూ అని లోలోపల తిట్టుకునేవాణ్ణి.

ఆ గోడలోనే పైపు పగిలింది. ఒక ఆదివారం తెల్లారేసరికి హాల్లో చీలమండల దాకా నీళ్లు. మేడమీది ట్యాంకంతా మా సోఫాలోకి దిగిపోయింది. పిన్ని చీర కుచ్చిళ్లు ఎగదోపి, నీళ్లు ఎత్తిపోయమని బాబాయి చేతికి బకెట్టిస్తే ముందు ఆ బకెట్‌ని తట్టాడు.

అదృష్టం బాగుండి ఇంటికి ఇన్సూరెన్స్ ఉంది. ఫారాలు నింపే పని నా నెత్తిన పడింది. నష్టం ఎప్పుడు జరిగింది, ఎలా జరిగింది, ఆ సమయంలో మీరేం చేస్తున్నారు అంటూ పన్నెండు పేజీలు. నిద్రపోతున్నాం అని ఎన్ని చోట్లని రాయను? చివరికి సర్వేయర్ వచ్చాడు. నాలుగు ఫోటోలు తీసుకుని, పైపుకి సరేనన్నాడు, నేలకి సరేనన్నాడు. గోడ దగ్గరికొచ్చేసరికి మాత్రం, పూత చెక్కడం దండగ, మీద బోర్డు బిగించి వెనకాల స్పాంజి షీటు పెడితే రెండు రోజుల్లో పనైపోతుంది, పక్కింటి చప్పుడు కూడా వినపడదని చెప్పాడు. వచ్చే శుక్రవారంలోగా సంతకం పెట్టకపోతే క్లెయిమ్ మూసేస్తారట.

"బోర్డు వద్దు" అన్నాడు బాబాయి.

మేస్త్రి వచ్చి బోర్డు ఎంత అందంగా ఉంటుందో వర్ణించాడు. సోఫా వంటింట్లో ఉందని, దాన్ని ఎక్కి దిగితే గానీ పొయ్యి అందడం లేదని పిన్ని మొత్తుకుంది. "తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటారు ఈయన. ఈయనకి చెప్పేకన్నా ఆ గోడకి చెప్పుకోవడం నయం" అంది. నాకూ ఒళ్లు మండింది.

"ఎందుకు వద్దో ఒక్క ముక్క చెప్పు బాబాయ్."

"మోత రాదురా."

"గోడకి మోతెందుకు? తబలానా అది?"

సుద్దముక్క తెచ్చిపెట్టమన్నాడు. మూడు రోజులు స్టూలెక్కి, దిగి, గోడంతా అంగుళం అంగుళం తట్టి, డొల్లగా మోగిన చోటల్లా సున్నా చుట్టాడు. మొత్తం ముప్ఫై ఏడు సున్నాలు. నేను తిట్టుకుంటూనే సర్వేయర్‌కి పదకొండుసార్లు ఫోన్ చేశాను. నా పోరు పడలేక శుక్రవారం ఉదయం వచ్చాడు, చెమ్మ కొలిచే మిషన్ పట్టుకుని.

సున్నా మీద పెడితే మిషన్ కీచుమంది. బయట పెడితే నోరెత్తలేదు. ముప్ఫై ఆరు సున్నాలు వరసగా నిజమే. ఆఖరిదాని దగ్గర మాత్రం మూగబోయింది. బాబాయి దాన్ని మరోసారి తట్టి, మిషన్‌కి బ్యాటరీ మార్చమన్నాడు. సర్వేయర్ నవ్వుతూనే మార్చాడు. కీచుమంది.

గోడ లోపల చెమ్మ ఉన్నమాట నిజమేనని సర్వేయర్ ఒప్పుకున్నాడు. కానీ పై ఆఫీసుకి రిపోర్టు ఎప్పుడో వెళ్లిపోయింది, ఇప్పుడు తిరగరాస్తే సంజాయిషీ ఇచ్చుకోవాలి, ఎలాగో సర్దుకోమని నసిగాడు.

బాబాయి అతని మాట వినడం లేదు, గడియారం చూస్తున్నాడు. పదకొండూ నాలుగు. గోడ దగ్గరికి ఒక్క అంగలో వెళ్లి రెండుసార్లు తట్టి చెవి ఆనించాడు. మళ్లీ తట్టాడు. మళ్లీ విన్నాడు. తర్వాత చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం నేను చూడడం అదే మొదటిసారి. కంగారుగా మేమూ వెనకాలే పరుగెత్తాం. మాస్టారి గుమ్మం ముందు ఆగి, చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచాడు. శత్రువు ఇంటి తాళంచెవి ఈయన జేబులో ఎందుకుందో నాకు అర్థం కాలేదు.

మాస్టారు కుర్చీలోంచి జారి, గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నారు. దెబ్బేమీ తగల్లేదు. స్టీలు చెంచా ఒకటి చేతికందకుండా బల్ల కిందికి దొర్లిపోయింది. బాబాయీ సర్వేయరూ చెరో రెక్కా పట్టి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. మాస్టారు ఊపిరి పీల్చుకుని, పలక అందుకుని, ఎడంచేత్తో వంకర టింకరగా రాసి చూపించారు: "మూడు రోజులు కునుకు తియ్యనివ్వలేదు. ఇవాళ నాలుగు నిమిషాలు ఆలస్యం."

"ఇన్సూరెన్స్ ఆయనొచ్చారండి మాస్టారూ" అన్నాడు బాబాయి చేతులు కట్టుకుని. మాస్టారు సర్వేయర్ వైపు ఓ చూపు చూశారు. అతనూ చేతులు కట్టుకున్నాడు.

అప్పుడు బయటపడింది సంగతి. మాస్టారు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారట. బాబాయి రెండు తడితే, మాస్టారు చెంచాతో రెండు కొట్టాలి. ఈయన చెవి ఆనించి వినేది ఆ రెండు దెబ్బల కోసం. అవి వినపడకపోతే వెళ్లి చూడడానికే ఆ తాళంచెవి. మాట లేని మనిషికి ఫోనెందుకు? జాలి చూపిస్తే మాస్టారికి ఒళ్లుమంట, అందుకని ఎవరికీ చెప్పకూడదని షరతు. రెండేళ్లుగా నేను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. పిన్ని చెంచా తీసి కడిగి, దానికో తాడు కట్టి కుర్చీకి వేలాడదీసింది.

సర్వేయర్ మా ఇంటికొచ్చి, నిలబడే కొత్త రిపోర్టు రాశాడు. గోడ లోపల చెమ్మ ఉంది, బోర్డు పనికిరాదు, పాత పూతంతా చెక్కి కొత్తది వేయాలి. పూత ఆరేదాకా బాబాయి మాస్టారి కిటికీ ఊచ తట్టాడు. ఆరాక గోడ తట్టి, "బాగుంది" అన్నాడు.

పోయిన నెల ఆయనా పిన్నీ రెండు రోజులు ఊరెళితే గోడ డ్యూటీ నాకు పడింది. సరిగ్గా పదకొండింటికి రెండు తట్టాను. అటునుంచి మూడు దెబ్బలు. వెంటనే బాబాయికి ఫోన్ చేశాను.

"మొరటుగా కొట్టుంటావు. మళ్లీ కొట్టమంటున్నారు" అన్నాడు తాపీగా.

ఈసారి వేలి కణుపుతో, నెమ్మదిగా, రెండు తట్టి చెవి ఆనించాను. చెంచా రెండుసార్లు మోగింది. పాసయ్యాను.