సరంగు కూతురు రాసిన వాక్యం

రైల్వే స్టేషను వెనక వీధిలో, తాళంచెవులు చేసే కొట్టుకీ చెప్పుల దుకాణానికీ నడుమ ఇరుకైన గది ఒకటుంది. అందులో ఒక కుట్టుమిషను, ఇస్త్రీపెట్టె, గోడ మేకుకు గుత్తులుగా వేలాడే జిప్పులు. అక్కడ కూర్చునే ఆవిడ కొత్త బట్టలు కుట్టదు. పొడుగు ప్యాంట్లు కురచ చేస్తుంది, బిగుతు చొక్కాలు వదులు చేస్తుంది, పాడైన జిప్పులు మారుస్తుంది. "లావయ్యానని మా ఆవిడతో అనకండి" అని గుసగుసలాడే మగవాళ్ళ గుట్టంతా ఆమె కడుపులో పదిలం. వీధంతా ఆమెను జిప్పులక్క అంటుంది.

చిన్నప్పుడు ఆమెకు ఇంకో పేరుండేది. తాగుబోతు సరంగు కూతురు.

ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు నది దాటించే లాంచీ మునిగి ముప్పై ఒక్కమంది పోయారు. ఆ లాంచీ నడిపిన సరంగు ఆమె తండ్రి. ఆయనా పోయాడు. పోయినవాడు వచ్చి జవాబు చెప్పడు కదా, తప్పంతా ఆయన నెత్తిన రుద్దడం తేలికైంది. తల్లి మాత్రం రోజూ కంచం ముందు పెడుతూ ఒకే మాట అనేది. "మీ నాన్న లాంచీ ఎక్కితే చుక్క ముట్టేవాడు కాదు. లోకులు కాకులు. నువ్వు తల దించుకోకు." అన్నంతో పాటు ఆ మాట కూడా తిని పెరిగింది ఆ పిల్ల.

ముప్పై ఏళ్ళ వయసులో ఒక మధ్యాహ్నం, కోటు లోపలి అస్తరు మార్పించుకోవడానికి వచ్చిన పంతులమ్మ ఫోను చూస్తూ అంది. "ఈ నదిలో లాంచీ మునిగిందట, తెలుసా అక్కా? సరంగు తాగి నడిపాడట."

"ఎవరన్నారండీ?"

"ఈ విజ్ఞానసర్వస్వంలో ఉంది. ఇందులో ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు."

ఆవిడ అటు వెళ్ళగానే జిప్పులక్క తన ఫోనులో ఆ పేజీ వెతికి పట్టుకుంది. 'సరంగు మద్యం సేవించి ఉన్నాడు' అన్న వాక్యాన్ని, పాత కుట్టు విప్పినంత జాగ్రత్తగా, తీసేసింది. పది నిమిషాల్లో వాక్యం మళ్ళీ వచ్చి కూర్చుంది. మళ్ళీ తీసింది. మళ్ళీ వచ్చింది. మూడోసారి ఆ ఫోనులోనే ఆమెకు ఒక సందేశం వచ్చింది. రాసినవాడి పేరు నత్త. అక్కడ చాలామంది అలాంటి పేర్లే పెట్టుకుంటారు.

"ఎందుకు తీసేస్తున్నారండీ?"

"అది అబద్ధం. ఆయన మా నాన్న."

కాసేపటికి జవాబొచ్చింది. "బాధగానే ఉంటుందండీ. కానీ ఆ మాటకు ఒక సాయంకాలపు పత్రిక ఆధారం ఉంది. మీ మాటకు లేదు. మీకు తెలిస్తే చాలదు, ఎక్కడ రాసి ఉందో చూపించాలి. ఇంకోటి, సొంతవాళ్ళ పేజీ సొంతవాళ్ళు దిద్దకూడదు. ఆధారం దొరికితే చర్చాపేజీలో పెట్టండి, అందరం కలిసి చూద్దాం."

ఆమెకు ఒళ్ళు మండింది. వీధిలో అన్నవాళ్ళను తిట్టొచ్చు, ఈ నత్తను ఎలా తిట్టాలి? అయినా వారం తిరక్కుండా వెనక్కి వెళ్ళింది. నాన్న పేజీ ముట్టుకోకూడదు సరే, మిగతావి ముట్టుకోవచ్చు కదా. 'సూది' పేజీలో మూడే ముక్కలున్నాయి. తనకు తెలిసిందంతా రాసింది. "ఆధారం?" అన్నాడు నత్తగారు. సూది పట్టి పదిహేనేళ్ళయిన చేతిని ఆధారం అడిగిన మొదటి మనిషి ఆయన. గొణుక్కుంటూనే గ్రంథాలయానికి వెళ్ళి పుస్తకం వెతికి, పుట సంఖ్యతో సహా చూపించింది.

అలా పదకొండేళ్ళు. మధ్యాహ్నం గిరాకీ పలచబడే వేళ దారం గురించి, బొత్తాల గురించి, నది మీద పాత రేవుల గురించి రాసింది. కొత్తగా వచ్చి కోపంతో చెరిపేసేవాళ్ళకు, ఒకప్పుడు తనకు నత్తగారు చెప్పినంత ఓపిగ్గా చెప్పేది. ఆమె పెట్టిన ఆధారాన్ని మళ్ళీ సరిచూడడం అందరూ మానేశారు. "ఆవిడ రాసిందా, అయితే ఉంటుంది" అనేవాళ్ళు.

ప్రమాదం మీద విచారణ సంఘం ఒక నివేదిక ఇచ్చిందని రేవుల గురించి చదువుతుంటే తెలిసింది. ఒకటే ప్రతి, రేవు కార్యాలయంలో. నాలుగుసార్లు తిప్పి పంపిన గుమాస్తా అయిదోసారి దుమ్ము దులుపుతూ తెచ్చి బల్ల మీద వేశాడు. "దీన్ని అడిగినవాళ్ళలో మీరే మొదలు. ఆఖరు కూడా మీరే అయ్యేట్టున్నారు."

ముందు దొరికింది ఒక ఉత్తరం. లాంచీ అడుగు రేకు తుప్పుపట్టి నీరు కారుతోందనీ, బాగు చేయించమనీ సరంగు యజమానికి రాసింది. అది మూడో ఉత్తరమట. తండ్రి చేతిరాత ఆమె అంతవరకూ చూడలేదు. 'దయచేసి'కి దీర్ఘం ఎక్కడ పెట్టాలో తెలియక రెండుచోట్ల కొట్టేసి రాశాడు. ఆ కొట్టివేతల మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. రేకు చిల్లుపడడమే ప్రమాదానికి మూలమని సంఘం తేల్చింది. పత్రికలు ఆ మాటే ఎత్తలేదు.

ఆరు పుటల తర్వాత ఇంకోటి ఉంది. శవపరీక్షలో సరంగు రక్తంలో మద్యం కనిపించింది. తాగి లేకపోతే నీరు చేరడం ముందే గమనించి లాంచీని ఒడ్డుకు మళ్ళించేవాడేమో, ఇంకొందరు బతికేవారేమో అని సంఘం రాసింది.

ఆమె ఉత్తరానికీ, ఆ రెండు పుటలకూ ఫోటో తీసుకుని ఇంటికి వచ్చింది.

తొమ్మిది రోజులు మిషను మీద చెయ్యి నడవలేదు. ఒక ప్యాంటు కాలు రెండోదానికంటే కురచగా కత్తిరించింది. ఉత్తరమూ, రేకు సంగతి ఉన్న మొదటి పుటా పెడితే చాలు. ఆ ఫైలు తెరవడానికి ఇంకెవరూ రారు. నత్తగారు అడగను కూడా అడగడు, ఆమె మాట మీద అంత గురి. ఆ గురినే ఆమె మోసం చేయలేకపోయింది. పదోరోజున ఉత్తరాన్నీ రెండు పుటల్నీ చర్చాపేజీలో పెట్టింది.

నత్తగారి జవాబు ఆలస్యంగా వచ్చింది. "ఇది మీరు రాయకండి తల్లీ. నేను రాస్తాను."

"వద్దండీ. నియమం తెలుసు. ఈ ఒక్కసారికి నా చేత్తో రాయనివ్వండి, మీరు సరిచూడండి."

పాత వాక్యం తీసి, రేకు సంగతి, ఉత్తరాల సంగతి, మద్యం సంగతి వరసగా రాసింది. నత్తగారు ఒక్క అక్షరం మార్చలేదు.

సాయంత్రం తల్లికి తనే చెప్పింది. తల్లి మంచం మీద కూర్చుని మాత్రలు లెక్కపెట్టుకుంటోంది.

"నిన్నెవరైనా అడిగారా?"

"ఎవరూ అడగలేదమ్మా."

"మరి?"

ఆమె రేకు గురించి, ఉత్తరం గురించి చెప్పబోయింది. ఫోనులో తండ్రి చేతిరాత చూపించింది. తల్లి దానికేసి చూడలేదు. "బయటివాళ్ళు అన్న మాటలు ముప్పై ఏళ్ళు పడ్డాను. నా కడుపున పుట్టినదానివి, నువ్వే రాశావా" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాటి నుంచి మామూలుగానే మాట్లాడింది. మందులు తెమ్మంది, తలుపు వెయ్యమంది. కానీ 'మీ నాన్న' అన్న మాట మళ్ళీ ఆమె నోట రాలేదు. పద్నాలుగు నెలలు కూతురు ఆ మాట కోసం చెవులు రిక్కించుకునే ఉంది. ఆ చలికాలం చివర్లో తల్లి ఆసుపత్రిలో పోయింది. పోయేముందు కూతురి చెయ్యి పట్టుకుంది. అది క్షమించడమో, భయమో ఆమెకు ఈనాటికీ తెలియదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు చర్చాపేజీలో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రాసింది. "ఆ లాంచీలో మా తమ్ముడు పోయాడు. వాడికి ఏడేళ్ళు. ఇన్నేళ్ళూ ఆ సరంగును తిట్టుకుంటూ బతికాను. ఇది చదివాక ఎవర్ని తిట్టాలో తెలియడం లేదు."

జిప్పులక్క అది రెండుసార్లు చదివింది. గుమ్మంలో ఎవరో జిప్పు ఊడిన సంచితో నిలబడ్డారు. "ఒక్క నిమిషం కూర్చోండి" అని వాళ్ళకు బల్ల చూపించి, ఫోనులో మెల్లగా టైపు చేసింది.

"నాకూ తెలియడం లేదండీ. ఆ సరంగు మా నాన్న. మీ తమ్ముడి పేరు చెబుతారా?"