చింతామణికి వచ్చిన మిడి పెట్టె

1988లో నన్ను బెంగళూరు నుంచి చిక్కబళ్లాపురం బ్రాంచికి సర్వీస్ ఇంజనీరుగా వేశారు. మాది కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే చిన్న కంపెనీ. బ్రాంచి అంటే ఒక గది, ఒక ఫోను, నేను. హోదా ప్రకారం నా పైన సీనియర్ ఇంజనీరు, ఆయన పైన మేనేజరు ఉండాలి. ఆ రెండు కుర్చీలూ ఖాళీ కాబట్టి భోజనం తర్వాత మూడింటిలోనూ వంతులవారీగా కూర్చునేవాణ్ణి. అటు బాగేపల్లిలో, ఇటు చింతామణిలో ఏ కంప్యూటర్ మూలిగినా బస్సెక్కాల్సింది నేనే.

ఆ ఏడు ఉగాదికి ముందు చింతామణి నుంచి అలివేలమ్మగారు కబురు పెట్టారు. ఆమె చింతపండు మండీ నడిపే రామచంద్ర శెట్టిగారి చెల్లెలు. భర్త పోయాక అన్న దగ్గరికి వచ్చేశారు. సింగపూర్‌లో పనిచేసిన ఆ భర్త తెచ్చిన ఆటల కంప్యూటర్ ఆమె దగ్గర ఉంది. దాంతో మండీ పక్కగదిలో వీడియో గేమ్ అంగడి పెట్టాలని ఆమె పట్టు. ఉగాది రోజున గది నిండా జనం వస్తే గది ఆమెది, రాకపోతే మర్నాడే చింతపండు మూటలు దిగుతాయని అన్నగారు తేల్చి చెప్పారు.

యంత్రం బాగానే ఉంది. చిక్కంతా దాని గొంతుతోనే. లోపలి సౌండ్ చిప్ ఒకేసారి మూడు స్వరాలకు మించి పలకదు. వీరుడు కత్తి దూస్తే కందిరీగ డబ్బాలో పడ్డట్టు వినిపించేది. ఊళ్లో ఇంకో గేమ్ అంగడి ఉంది, అక్కడా ఇదే కందిరీగ. అయితే ఈ యంత్రం వెనక అయిదు పిన్నుల గుండ్రటి సాకెట్టు ఉంది. దాన్ని మిడి అంటారు. అందులోంచి శబ్దం రాదు, ఆజ్ఞలు వస్తాయి: ఏ స్వరం, ఎంత గట్టిగా, ఎంతసేపు, ఏ వాయిద్యం మీద. వాటిని అందుకుని వాయించే పెట్టె వేరే కొనాలి. ఇదంతా నేను వివరిస్తుంటే శెట్టిగారు ఓపిగ్గా విని, ఒక్కటే అడిగారు.

"మిడి అంటే ఏమప్పా, మిడిమిడి జ్ఞానంలో మిడేనా?"

"నువ్వు ఊరికే ఉండన్నా. ఆయప్పను చెప్పనీ" అన్నారు అలివేలమ్మ.

అప్పట్లో రెండు దారులుండేవి. ఒకటి, తరంగాన్ని తరంగంతో కదిలించి స్వరం పుట్టించే ఎఫ్.ఎమ్. పద్ధతి కీబోర్డు. చవక, దొరుకుతుంది, కానీ వాయిద్యాలు తక్కువ. రెండోది మాడ్యూల్ అనే మీటల్లేని పెట్టె. ఆట తయారుచేసినవాళ్లు దాన్ని దృష్టిలో పెట్టుకునే సంగీతం కట్టారు. అది ముఖ్యం, ఎందుకంటే వాయిద్యాన్ని ఆట ఒక అంకెతో పిలుస్తుంది, ఆ అంకెలు అప్పట్లో ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. పిల్లనగ్రోవిని పిలిస్తే డప్పు పలకొచ్చు. కనుక మాడ్యూలే సరైనదని నిర్ణయించి, హెడ్డాఫీసు స్టోర్సుకు ట్రంకాల్ చేశాను.

స్టోర్సు ఇన్‌ఛార్జి మంజప్పగారిది పడమటి కొండల్లోని మలెనాడు. లైనంతా గరగర. ఒక పెట్టె మిడి, మేలు రకం, ఉగాదిలోపు చింతామణి బస్సులో వేయమని కన్నడంలో అరిచాను. ఆయన "హసీదా?" అని అడిగారు, అంటే పచ్చిదా అని. నాకు "హొసదా?" అని వినిపించింది, అంటే కొత్తదా అని. అవును, కొత్తదే కావాలన్నాను.

పండగ ముందురోజు పొద్దున పెట్టె దిగింది. అన్నాచెల్లెళ్ల ముందే మూత తీశాను. పైన ఎండుగడ్డి, కింద నిగనిగలాడే మామిడి పిందెలు. కన్నడంలో పిందెను మిడి అంటారు. ఊరగాయల కాలం కదా, మంజప్పగారు పాపం మా మీద ప్రేమతో సొంతూరి నుంచే తెప్పించి పంపారు. నమ్మనివాళ్లు నమ్మకపోయినా నష్టం లేదు, వాసన నాకు ఇంకా గుర్తుంది.

శెట్టిగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "పాడించప్పా, విందాము."

అలివేలమ్మ నవ్వలేదు. అట్లాంటి గుండ్రటి బొక్క ఇంక దేనికన్నా ఉండాదా అని నన్ను అడిగారు. బాగేపల్లిలో పెళ్లి ఆర్కెస్ట్రా నాగప్ప కీబోర్డును నేనే బాగుచేశాను, దాని వెనక ఉంది. ఆ మాట అనగానే ఆమె గంపలోకి పిందెలు ఎత్తారు. "వట్టి చేతుల్తో పోవద్దప్పా."

నాగప్ప ససేమిరా అన్నాడు. దీన్ని ఇచ్చేసి పెళ్లిళ్లలో నోటితో వాయించాల్నా అని అడిగాడు. లోపలి నుంచి వాళ్లమ్మ వచ్చి గంప చూసింది, ఒక పిందె కొరికింది. "ఇట్లాంటి మిడి నాకు యాడ దొరుకుతాది? పండగనాడు నీకు పెళ్లి యాడుండాది? ఇచ్చి పంపురా" అంది. మాడ్యూల్ ఎన్ని స్వరాలు పలుకుతుందో ఆమెకు చెప్పే అవసరం రాలేదు.

పండగనాడు కేబుల్ కలిపి, మైకుసెట్టు స్పీకరు తగిలించాం. కత్తుల చప్పుడు గది అదిరేలా వచ్చింది. కాలేజీ కుర్రాళ్లు నలుగురు లోపలికొచ్చారు. అంతలో వీరుడు చచ్చాడు. ఆ ఘట్టానికి ఆట విషాద వాయిద్యాన్ని పిలిచింది. నాగప్ప కీబోర్డులో ఆ అంకె దగ్గర, పెళ్లిళ్ల కోసం అతను దాచుకున్న నాదస్వరం ఉంది. వీరుడు నేలకొరిగి ఉంటే తాళి కట్టే వేళలా మోగిపోయింది. పక్కవీధి పురోహితుడు ముహూర్తం ఎవరిదని తొంగిచూశాడు. ఒక్కసారి నవ్వు పుట్టాక జనం ఆగలేదు. గెలవడానికి వచ్చినవాడు ఒక్కడూ లేడు, అందరూ చావడానికే వచ్చారు. త్వరగా చస్తే వంతులూ త్వరగా తిరిగాయి.

సాయంత్రం శెట్టిగారు జనాన్ని తోసుకుని లోపలికొచ్చి, తానూ ఆడి, వెంటనే చచ్చారు. నాదస్వరం అయ్యేదాకా కదల్లేదు. తర్వాత చెల్లెలితో, "ఇంకొక తూరి చావల్ల నేను. మూటలు ఇంకో యాడన్నా పెట్టుకుంటాలే" అన్నారు.

పండగయ్యాక నాగప్ప కీబోర్డు వాపసిచ్చాం. ఈసారి ఉత్తరం రాస్తే కొన్నాళ్లకు అసలు మాడ్యూల్ వచ్చింది. తగిలించాను. అంకెలన్నీ కుదిరాయి, వీరుడి చావుకు గుండె పిండే సంగీతం వచ్చింది. కుర్రాళ్లు మొహాలు వేలాడేసుకుని బయటికి పోయారు.

"ఇది ఎత్తుకుపోప్పా," అన్నారు అలివేలమ్మ. "దీంట్లో చస్తే నిజంగా చచ్చినట్లుండాది."

దాన్ని వాపసు పంపి, ఆమెకు ఎఫ్.ఎమ్. కీబోర్డు ఇప్పించాను. నాగప్ప వచ్చి అందులో నాదస్వరం ఎక్కించి పోయాడు.

స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా నేను పాటించిన పద్ధతి ఆ అంగడిలోనే నేర్చుకున్నాను. ఏ సౌండ్ పరికరం మంచిదని ఎవరడిగినా, కంపెనీ కాగితం తెరిచేముందు, వినేవాళ్లెవరని అడిగి, రెండు రకాలూ తగిలించి వాళ్ల మొహాలు చూసేవాణ్ణి. ఏ శిక్షణ తరగతిలోనూ ఇది చెప్పలేదు. నేర్పినందుకు అలివేలమ్మగారికి రుణపడి ఉన్నాను.