చింతామణిలో జానాబెత్తెడు ఉక్కు

ఉక్కు కొనడానికి శనివారం బయలుదేరిన మనిషిని మా బాగేపల్లిలో నేనొక్కడినే అయి ఉంటాను. శనివారం ఇనుము కొనరనీ, కొన్నా గడప దాటించి ఇంట్లోకి తేరనీ తెలియని వాణ్ణి కాను. కానీ ప్రైవేటు హైస్కూల్లో లెక్కల మాస్టరుకు ఒంటిపూట బడి ఉండేది ఆ ఒక్క రోజే. ఆదివారం పోదామంటే అంగళ్ళు మూసి ఉంటాయి. ఇక నన్నేం చెయ్యమంటారు?

నా భార్య సరళ ప్రభుత్వ బడిలో టీచరు. ఉద్యోగం వచ్చింది సంతోషమే, వచ్చింది మాత్రం బీదరు జిల్లాలో. అదీ మా రాష్ట్రమేనంటారు గానీ, ఇక్కడినుంచి చేరేసరికి ఒళ్ళు హూనమవుతుంది. వర్గావణె కోసం, అంటే బదిలీ కోసం, అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయాం. అక్కడ ఇంకో టీచరుతో కలిసి ఒకే గదిలో ఉంటోంది కాబట్టి నేను పోయినా ఉండడానికి చోటు లేదు. దసరాకు వస్తుంది, వేసవికి వస్తుంది. మిగతా ఏడాదంతా సాయంత్రం ఆరయితే చాలు, ఇల్లు నన్ను కరవడానికి వస్తుంది.

ఆ సాయంత్రాల్లోనే నాకు కత్తుల పిచ్చి పట్టింది. సైబర్ సెంటర్లో కూర్చుని ఎక్కడెక్కడివాళ్ళో సరదాకి కత్తులు చేసుకుంటున్న ఫోటోలు చూశాను. పెరట్లో బొగ్గుల కొలిమి పెట్టుకున్నాను. పాత లారీ కమాను పట్టా ముక్కతో మొదటి కత్తి చేసి సరళ చేతికిచ్చి పంపాను. మొన్న శ్రావణంలో గుమ్మడికాయ కోస్తుంటే అది రెండు ముక్కలయింది. పాత పట్టాల్లో కంటికి కనబడని పగుళ్ళుంటాయని తర్వాత తెలిసింది. "చేతికేం కాలేదులెండి" అని ఫోన్లో చెప్పి, "ఇక్కడ మనింటి వస్తువు అదొక్కటే ఉండె" అంది. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు.

అందుకే ఈసారి పాత ఇనుము వద్దనుకున్నాను. అచ్చులు, పనిముట్లు చేసేవాళ్ళు వాడే ఓహెచ్ఎన్ఎస్ అనే ఉక్కు ఒకటుంది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే వంకర పోకుండా గట్టిపడుతుంది. విదేశాల్లో జానెడు కావాలంటే జానెడు పోస్టులో పంపే అంగళ్ళున్నాయట. మన దగ్గర నిలువెత్తు బారు, అంటే పూర్తి కడ్డీ, కొంటానంటే తప్ప అంగడివాడు తలెత్తి చూడడు. దసరా దగ్గరికొచ్చేసింది. సరళ వచ్చి తిరిగి పోయేనాటికి ఆమె సంచిలో విరగని కత్తి ఒకటి ఉండాలి. నా కోరికంతా అదే.

బడి గంట కొట్టగానే బస్టాండుకు పరిగెత్తి చిక్కబళ్ళాపురం బస్సు పట్టుకున్నాను. పక్క సీట్లో మండికల్లు రైతు ఒకాయన, ఆవుకు మందులు తీసుకుని పోతున్నాడు. నేను ఎందుకు పోతున్నానో విని నోరు తెరిచాడు.

"కత్తి కావాలంటే సంతలో దొరకదా మాస్టరప్పా? ఉక్కు కొని, కాల్చి, కొట్టి, ఇదేం ఖర్మ నీకు?"

"ఊరికే కూర్చోలేక" అన్నాను.

"మా ఇంటికి రా. నాలుగు ఆవులుండాయి. కూర్చునేదానికి పుర్సొత్తే ఉండదు."

ఆయన పేరేసంద్రలో నవ్వుకుంటూ దిగిపోయాడు.

చిక్కబళ్ళాపురంలో దిగి బస్టాండు ఎదురు హోటల్లో రాగిముద్ద, దాంట్లోకి పులుసులాంటి ఆకుకూర సారు తిన్నాను. ఈ దారిన వచ్చేవాళ్ళు ఆ సారు వదలకండి. తర్వాత ఎండలో వెతుక్కుంటూ ఉక్కు అంగడికి చేరాను. గోడకు ఆనించి బార్లు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కో రకానికి ఒక్కో రంగు, కొసకు పూసి ఉంది. నా మనసు గంతులేసింది. తీరా అడిగితే అంగడి యజమాని నన్ను ఎగాదిగా చూశాడు.

"కట్ పీస్ కావల్లా? ఇదేమన్నా రవికె గుడ్డ అనుకుంటివా స్వామీ? ఎత్తుకుంటే బారు ఎత్తుకో. నీకోసం ఒక ముక్క కోస్తే మిగిలింది ఎవురికి అమ్మేది నేను?"

బతిమాలాను. బల్ల పక్కన నిలబడి, వచ్చే గిరాకీకి అడ్డమయ్యాను. చివరికి నన్ను వదిలించుకోవడానికే అనుకుంటాను, దారి చెప్పాడు. "చింతామణికి పో. అచ్చులు చేసే కార్ఖానా ఉండాది, నాగరత్నమ్మది. ఆయమ్మ ముక్కలు అమ్ముతాది."

శిడ్లఘట్ట మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. శిడ్లఘట్ట రాగానే పట్టుగూళ్ళు ఉడికించే వాసన బస్సంతా నిండింది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. సరళది ఆ పక్క ఊరే. పెళ్ళయిన కొత్తలో ఈ వాసన రాగానే కిటికీలోంచి తల బయటపెట్టి, "మా ఊరొచ్చేసింది" అని చిన్నపిల్లలా అరిచేది. నేనూ తల బయటపెట్టాను. కండక్టరు తిట్టాడు.

నాలుగు దాటాక చింతామణిలో దిగాను. కార్ఖానా వెతకడం కష్టం కాలేదు, రంపం మిషను శబ్దం వీధి చివరికి వినబడుతోంది. నాగరత్నమ్మకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక తనే నడుపుతోందట. కొంగు బిగించి, ఇద్దరు పనివాళ్ళను అదిలిస్తూ బార్లు కోయిస్తోంది.

"యాడనుంచి వస్తివప్పా?"

చెప్పాను. ఓహెచ్ఎన్ఎస్ ఉందా అంటే ఉందని ఒక బారు చూపించింది. కొసకు రంగు మెరుస్తోంది. ఆ రంగు ఉన్న ముక్కే కావాలన్నాను. రకం ఇదేనని సాక్ష్యం చెప్పేది ఆ రంగే కదా.

"అది ఇచ్చేదానికి లేదు. రంగు కొస పోతే మిగిలిన బారుకు పేరు పోయినట్లే. ఎప్పుడూ ఇంకో కొసనుంచే కోసేది. నా మాట మీద నమ్మకముంటే తీసుకో. ఎంత పొడవు?"

"జానాబెత్తెడు చాలమ్మా. కూరగాయలు తరిగే కత్తికి."

"ఎవురు తరిగేది?"

"నా భార్య. బీదరులో ఒక్కతే ఉంటుంది."

"ఆయమ్మ చెయ్యి పెద్దదా చిన్నదా? పిడిలోకి ఎంత పోవల్లో చూసుకోవల్ల గదా."

నా అరచెయ్యి చాపి చూసుకున్నాను. ఒకప్పుడు చేతికి చెయ్యి ఆనించి పెట్టుకుని నవ్వుకున్నాం. ఆమె వేళ్ళు నా వేళ్ళ మీద ఎంతవరకు వచ్చేవి? చివరి గీత దాకానా, ఇంకాస్త కిందికా? ఎంత తలచుకున్నా తట్టలేదు. రోజూ పిల్లలకు కొలతలు నేర్పేవాణ్ణి, కట్టుకున్న దాని చెయ్యి ఎంతో చెప్పలేకపోయాను. చేతులు దగ్గర పెట్టి గాలిలోనే ఒక పొడవు చూపించాను.

నాగరత్నమ్మ బారు మీద సుద్దముక్కతో గీత గీసింది. మిషను మీదికి ఎత్తబోయి ఆగిపోయింది.

"ఈరోజు శనివారం గదప్పా!"

"మీరు ఇందాకటినుంచీ కోస్తూనే ఉన్నారు కదమ్మా?"

"అది కార్ఖానాలకు పోయే ఇనుము, దానికి వారం వర్జ్యం లేదు. ఇది ఇంటికి పోయేది. అందులోనూ ఆడమనిషి చేతికి. నేనియ్యను."

నా నోటిని నేనే తిట్టుకున్నాను. లేతు మిషను పనికని ఒక్క మాట అనుంటే ఈపాటికి సంచిలో ఉండేది! "నాకు అలాంటి పట్టింపులు లేవమ్మా" అన్నాను.

"నీకు లేకపోతే పోనీ. ఆయమ్మ ఒంటరిగా ఉండాదని నువ్వే అంటివే."

నిజం చెప్పాలంటే నాకూ భయం వేసింది. విరిగిన కత్తి కళ్ళముందు కదిలింది. నేను నమ్మకపోవచ్చు. సరళ విషయంలో మాత్రం పంతానికి పోయే ధైర్యం నాకు లేదు.

"రేపు పొద్దున ఎండ పడినాక రా. ఆదివారమైనా నీకోసం తలుపు తీస్తాను" అంది.

బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. చవకే, దోమలు మాత్రం ధారాళంగా ఉన్నాయి. దోమతెర తెచ్చుకోవడం మంచిది.

పొద్దున నాగరత్నమ్మ అన్నమాట ప్రకారమే తలుపు తీసింది. ముక్క కోసి, ఆకురాయితో అంచులు రుద్ది, పేపర్లో చుట్టి ఇచ్చింది. "రెండు వేళ్ళు ఎక్కువే కోసినాను. చెయ్యి ఎంతో తెలిసినాక తగ్గించుకుందువు గానీ" అంది. ఎక్కువ కోసినదానికి ఏమీ తీసుకోలేదు. మీలో ఎవరికైనా చిన్న ముక్కలు కావాలంటే అక్కడికే పోండి. శనివారం మాత్రం పోకండి, పోయినా పెళ్ళాం మాట ఎత్తకండి.

తిరుగు ప్రయాణం మురుగమల్ల, చేలూరు మీదుగా. మురుగమల్ల దాకా దర్గాకు పోయే జనంతో బస్సు కిటకిటలాడింది. అక్కడ అందరూ దిగిపోయాక ఊపిరాడింది. సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. చేలూరు దగ్గరవుతుండగా ఫోను మోగింది. ఆదివారం సరళ చేసే వేళ అది.

"ఇంట్లో బస్సు శబ్దం వస్తాండాదే! యాడుండారు?"

అంతా చెప్పేశాను. శనివారం కోసం లాడ్జిలో పడుకున్నానంటే పకపకా నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"దసరాకు నేను వచ్చేదానికి కాదు. సెలవుల్లో ఇక్కడే తరబేతి వేసినారు. నిన్ననే ఆర్డరు వచ్చింది."

ట్రైనింగట. ఏడుపొచ్చింది, బస్సులో ఏడవలేక ఊరుకున్నాను. చివరికి, "సరేలే. కత్తి చేసి పోస్టులో పంపుతాను. నీ అరచెయ్యి ఎంత వెడల్పుందో స్కేలు పెట్టి చూసి చెప్పు, పిడి చెయ్యాలి" అన్నాను.

"ఉండండి" అంది. డ్రాయరు తీసిన శబ్దం, స్కేలు బల్లమీద పెట్టిన శబ్దం వినబడ్డాయి.

"సరళా, ఎంత?"

"చెప్పను."

"ఏం?"

"రూములో ఉండే టీచరు సెలవులకు ఊరికి పోతాది. మీరే వచ్చి కొలుచుకోండి."

బాగేపల్లిలో దిగి ఇంటికి పోలేదు. సంచి భుజాన వేసుకుని, దసరా సెలవుల మొదటి రోజుకు బీదరు దాకా ఒక సీటు కావాలని అడగడానికి నేరుగా టికెట్ల కిటికీ దగ్గరికి పోయాను.