సగం పూసిన మల్లెచెట్టు

నా చిన్నప్పుడు నేనొక మల్లెచెట్టు మీద పగబట్టాను. మనుషుల మీద పగబట్టేవాళ్లను చాలామందిని చూశాను గానీ, చెట్టు మీద పగబట్టింది నేనొక్కదాన్నేనేమో. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది ఏళ్లలోని మాట ఇది. డోన్‌కు దగ్గర్లోని పల్లె మాది. నాకు అప్పుడు తొమ్మిదో పదో ఉంటాయి.

ఆ చెట్టు పక్కింటి అక్కది. ఆమె కడప వైపు నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ఒకసారి పుట్టింటి నుంచి రెండు మల్లె అంట్లు తడిగోనెలో చుట్టి తెచ్చి, ఒకటి తన పెరట్లో నాటుకుని రెండోది మా అమ్మకు ఇచ్చింది. రెండూ ఒకే తల్లిచెట్టువి, ఒకే రోజు నాటినవి. మధ్యన ఉన్నది నా భుజాలెత్తు మట్టిగోడ. రెండేళ్లు తిరిగేసరికి ఫాల్గుణంలో ఆమె చెట్టు విరగబూసింది. మా చెట్టు ఏపుగా పెరిగి, నాలుగు పూలు పూసి ఊరుకుంది.

పూల కోసం నేనేమీ ఏడవలేదు. అక్క చెట్టు పూసినన్నాళ్లూ మా అమ్మ సాయంత్రం కాగానే పక్కింటికి వెళ్లిపోయేది. ఇద్దరూ అక్కావాళ్ల అరుగు మీద కూచుని మొగ్గలు మాల కట్టుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. మా ఇంట్లో అమ్మ నవ్వగా నేను పెద్దగా చూడలేదు. లేచింది మొదలు కసువు, పొయ్యి, చేను, మా నాయన కోపం. నవ్వంతా గోడ అవతలి నుంచే వినిపించేది. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. మా అమ్మను ఆ అక్క మల్లెలు చూపించి లాగేసుకుందని నమ్మాను. మా చెట్టూ అలాగే పూస్తే అమ్మ మా అరుగు మీదే కూచుంటుందని నా ఆశ.

అందుకని ఆ మరుసటి చలికాలమంతా బావి నుంచి రోజూ రెండు చిన్న బిందెల నీళ్లు మోసి మా చెట్టుకు పోశాను. తాగే నీళ్లకే కటకటలాడే ఊళ్లో చెట్టుకు ఇన్ని నీళ్లేమిటని మా నాయన తల్లి, మా జేజి, తిట్టేది. చెట్టు మాత్రం ఆకు మీద ఆకు వేసి నిగనిగలాడింది. పక్కింటి చెట్టుకు అక్క చుక్క నీళ్లు పోయలేదు. దాని ఆకు పండి, వాడి, చూడ్డానికి దిక్కులేనిదానిలా ఉంది. ఈసారి గెలుపు నాదేనని లోలోపల మురిసిపోతుంటే, ఒకరోజు అమ్మ జేజితో అన్న మాట చెవిన పడింది.

“ఆ పిల్ల చెయ్యి మంచిది. ఈ తూరి గూడా దాని చెట్టే పూస్తాది, చూస్తాండు.”

ఇంటి కూతురు బిందెలు మోసి చస్తుంటే అమ్మకు కనబడలేదు! ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు మధ్యాహ్నం అక్క చేనికి పోవడం చూసి గోడ దూకాను. ఆకు లేకపోతే చెట్టు చస్తుందని నాకు తెలుసు. కొమ్మ కొమ్మనూ పిడికిట్లో పట్టి కసిగా గుంజాను. సగం చెట్టు బోడి అయ్యేసరికి అరచేతులు చీరుకుపోయాయి. వెనక్కి తిరిగితే నెత్తిన గడ్డిమోపుతో అక్క నిలబడి ఉంది.

ఆమె మోపు దించింది. చెట్టును చూసింది, నా చేతులను చూసింది.

“ఎవురు చెప్పినారు పాపా నీకు? రేపు నేనే ఆకు దూద్దామనుకుంటాండా,” అంటూ పక్కన కూచుని నా చెయ్యి పట్టుకుంది. “ఇట్ల గుంజగూడదు. ఈడ చూడు, ఆకు మొదుట్లో సన్న కన్ను ఉండాది. దీన్ని గూడా పీకేస్తే పువ్వు యాడ్నుంచి వస్తాది?”

వాళ్ల ఊళ్లో ఏటా ఈ కాలంలో మల్లెతోటల్లోకి మేకలను తోలతారట. ఆకంతా అవి మేస్తేగాని చెట్టు పూతకు రాదట. నేను నమ్మలేదు. మాటల్లో పెట్టి చివరికి అమ్మతో కొట్టిస్తుందనుకున్నాను. మిగిలిన సగం చెట్టుకు ఒక్కొక్క ఆకే, కన్ను చెదరకుండా, ఇద్దరం కలిసి దూశాం. సాయంత్రం ఆమె మా ఇంటికి వస్తే చీరుకుపోయిన చేతులు వెనక దాచుకున్నాను. “పాప ఆకు దూసేదానికి సాయం వచ్చింది వదినా. రేపు మీ చెట్టుకూ దూస్తాం. పదైదు దినాలు నీళ్లు పొయ్యొద్దండి,” అని చెప్పి వెళ్లింది. అమ్మ నా తల నిమిరింది. ఎన్నాళ్లుగానో కోరుకున్న ఆ నిమురుడు నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఫాల్గుణంలో మా చెట్టు ఆకు కనబడనంతగా పూసింది. అక్క చెట్టు సగమే పూసింది. నేను కసితో గుంజిన పక్క అక్కడొకటి ఇక్కడొకటి మొగ్గ తప్ప ఏమీ లేదు. ఆ సాయంత్రం అమ్మ మా అరుగు మీదే కూచుంది. అక్కే మా ఇంటికి వచ్చింది. అమ్మ నవ్వుతోంది, అదీ అక్క మాటలకే. నిజం చెప్పొద్దూ, అప్పుడు కూడా నాకు కడుపు మండింది. అంతలో అమ్మ అడిగింది.

“ఏమ్మే, మీ చెట్టు ఒగ పక్కే పూసిందే?”

అక్క దారం మీంచి చూపు ఎత్తలేదు. “ఆ పక్క గోడ నీడ పడ్తాది వదినా,” అంది.

అక్కడ ఏ నీడా లేదు. పొద్దంతా ఎండే. రోజూ ఆ పెరటిని చూసే మా అమ్మకు అది తెలియనిది కాదు. అయినా ఆమె మరి అడగలేదు. అక్క కట్టిన మాల తుంచి, అమ్మే నన్ను దగ్గరకు పిలిచి, నా జడలో పెట్టింది. నేను లోపలికి పోయి గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

ఆ రోజుతో నా ఓర్వలేనితనం పోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఇన్నేళ్లు వచ్చినా, మా మనవరాలు వాళ్ల అమ్మమ్మ దగ్గర ఎక్కువసేపు నవ్వితే నాకు లోపల చురుక్కుమంటుంది. అలాంటప్పుడు ఆ అక్క తల ఎత్తకుండా అన్న మాట గుర్తుకొస్తుంది. నా కోసం ఒక మనిషి ఆడిన ఆ అబద్ధానికి తగినదాన్ని కావాలని ఇప్పటికీ ప్రయత్నిస్తూనే ఉన్నాను.