పగటి వెలుగులో వరుణ వేషం

ముప్పై ఏండ్లుగా కంబన్నే వరుణుడు. వానలు మొగం చాటేసిన ఏడల్లా పత్తికొండ చుట్టుపట్ల పల్లెలవారు వాననాటకం కట్టించేవారు. ఆఖరి రంగంలో దేవుడు ప్రత్యక్షమై, వర్షం కురిపిస్తానని పద్యంలో మాట ఇచ్చేవాడు. ఆ పద్యం తండ్రి నోటినుండి కంబన్నకు సంక్రమించింది. పైరు ఎండిన ఏడల్లా బేతంచెర్లకు పోయి బండలకు పాలిష్ పట్టేవాడు గనుక, రాతిపొడి రొమ్ములో పేరుకొని ఇప్పుడా గొంతు సగమే పలుకుతున్నది.

ఇన్నేండ్లలో అతడు వేదికమీదినుండి జనాన్ని చూసి ఎరుగడు. కళ్లలో కొట్టే దీపాలకు ఆవల అంతా చీకటి. ఆ చీకటికే మాట ఇచ్చి, వేషం విప్పి, బీడీ ముట్టించి మరచిపోయేవాడు. వాన రాని ఏడు కూడా అతణ్ణి నిలదీసినవారు లేరు. వేదికపైనున్న దేవుడు వేరు, కిందనున్న కంబన్న వేరు. నడుమ గోడ లేకున్నా ఆ హద్దు అందరూ ఎరిగినదే.

రెండువేల మూడులో, వరుసగా మూడో కరువున, కరెంటు లేక నాటకం పగలే పెట్టారు.

"ఈ ఏటికి మనకు వాన నీ నెత్తిన కారే చెమటే సామీ," అన్నాడు హార్మోనియం ఓబుళేశు. కంబన్న కిరీటం సర్దుకున్నాడు.

వేదికెక్కి తలెత్తితే అన్నీ ముఖాలే. ముందు వరుసలో సిద్దమ్మ. నిన్న బోరింగు కాడ "ఏమప్పా కంబన్నా, నీ చేనూ మాడిపాయెనా?" అని అడిగిన మనిషే. రెండు పాదాలు పాడాడు. మాట ఇవ్వవలసిన మూడో పాదానికి దగ్గు అడ్డుపడింది. ఆ సందులో సిద్దమ్మ లేచి చేతులు జోడించింది.

"సామీ, ఏ పొద్దు కురిపిస్తావు? చెప్పి పో. ఉండే ఒక్క పాడి ఎనుమును అమ్మాల్నో వద్దో తేల్చుకుంటా."

ఎవరూ నవ్వలేదు.

"వచ్చే సోమారమని చెప్పుబ్బా!" గొణిగాడు ఓబుళేశు.

చెబితే ఆమె అమ్మదు. వాన రాకుంటే మేత లేక ఎనుము చస్తుంది. చెప్పకుంటే తండ్రి పద్యం నడుమనే తెగుతుంది.

కంబన్న కిరీటం తీసి సింహాసనంపై ఉంచాడు. మోకాళ్లు పట్టుకొని మెట్లు దిగి, ఆమె పక్కన మట్టిలో కూలబడ్డాడు.

"ఏమప్పా, దిగొస్తివి?"

"అడిగేటోళ్లు ఈడ కూచోవాల సిద్దక్కా. వాన ఎప్పుడొస్తాదో నాకేం తెలుసు, ఎనుమును అమ్మేయ్. నేనూ నీతోపాటే అడుగుతా."

మాట ఇచ్చే పాదాలను వేడుకోలుగా మార్చి, ఖాళీ సింహాసనంవైపు తిరిగి, ఆగి ఆగి పాడాడు. ఓబుళేశు శ్రుతి కలిపాడు. ఎండకు తళుకుమంటున్న కిరీటానికి అందరూ చేతులు జోడించారు, కంబన్న కూడా.