ఇందిరమ్మ మింగేసిన వాక్యం

వంట చెయ్యడానికి పుస్తకమేమిటని మొదట నవ్వింది లక్ష్మమ్మే. "అన్నం తినడానిక్కూడా ఏదన్నా పుస్తకం ఉందేమో చూడవే ఇందిరా, మీ బాబాయికి కొనిపెడతాను" అంది. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళంతా నవ్వారు. పుస్తకం తెచ్చిన ఇందిరమ్మ కూడా నవ్వింది. నవ్విందే గాని లోపల ఎక్కడో చిన్న ముల్లు దిగింది. ఇందిరమ్మకి దిగిన ముళ్ళు అంత తేలిగ్గా బయటికి వచ్చేవి కావు.

ఆమె పుట్టిల్లు బందరు. తండ్రి కోర్టులో గుమాస్తా. ఫోర్తుఫారం దాకా చదివింది. బళ్ళో పాఠం పైకి చదవాలంటే మేష్టారు ఆమెనే లేపేవారు. తర్వాత పెళ్ళయి గుడివాడ వచ్చింది. భర్త కాంతారావు బియ్యం మిల్లులో లెక్కలు రాసేవాడు. మంచివాడే, కాకపోతే పొద్దుటినుంచీ మిల్లు హోరు విని వచ్చినవాడికి ఇంట్లో ఇంకొక గొంతు వినే ఓపిక ఉండేది కాదు. అలా ఆమె చదువు మూలపడి ఉండగా, మద్రాసులో ఉన్న తమ్ముడు యాభై తొమ్మిదిలో వేసవికి వస్తూ లావుపాటి వంటల పుస్తకం ఒకటి తెచ్చిచ్చాడు. పులుసుల నుంచి పిండివంటల దాకా, చేపల నుంచి చక్కెర పాకాల దాకా అన్నీ ఉన్నాయందులో.

నవ్విన ఆడవాళ్ళే వారం తిరక్కుండా ఆ పుస్తకం చుట్టూ చేరారు. అందులో ఉన్నవన్నీ మొదటి పేజీ నుంచి వరసగా వండి చూద్దామన్నది పక్కింటి భాగ్యమ్మ ఆలోచన. వారానికొక ఇల్లు. ఎవరింట్లో వంట అయితే వాళ్ళే గరిటె పట్టాలి, మిగతావాళ్ళు ముక్కలు తరగాలి, పొయ్యిలోకి ఊక ఎగదొయ్యాలి. గుమ్మం దగ్గర ముక్కాలిపీట వేసుకుని ఇందిరమ్మ పైకి చదవాలి. చదవడం వచ్చినవాళ్ళు మరొకరిద్దరు లేకపోలేదు గాని కూడబలుక్కుంటూ చదివేసరికి పోపు మాడిపోయేది.

నియమం పెట్టింది మాత్రం ఇందిరమ్మే. పుస్తకం ఏం చెప్తే అదే చెయ్యాలి. ఇంకాస్త చింతపండు పడాలనీ, మా అత్తగారైతే ఇలా చెయ్యదనీ అనకూడదు. "పుస్తకం నోరు మూసేదాకా గరిటె నోరు తెరవకూడదన్నమాట" అంది భాగ్యమ్మ. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం అందరికంటే కష్టం కావలసింది లక్ష్మమ్మకి.

లక్ష్మమ్మ వాళ్ళది పెదపారుపూడి. అక్కడ పొలం, పాడి ఉన్నాయి. కొడుకు కాలేజీ చదువు కోసం గుడివాడలో ఇల్లు తీసుకుని, భర్త శోభనాద్రితో కాపురం పెట్టింది. అక్షరం ముక్క రాదు. కాని ఆవిడ అరచేతిలో ఉప్పు వేసుకుని కళ్ళు ఎటో పెట్టి విసిరితే కూరకి సరిగ్గా సరిపోయేది. పాకం వచ్చిందో లేదో గరిటె బరువుని బట్టి చెప్పేది. అలాంటి మనిషి, ఇందిరమ్మ చదివినప్పుడల్లా చిన్నపిల్లలా తలూపి, చెప్పింది చెప్పినట్టు చేసేది. "రాసినవాళ్ళు తెలీకుండా రాస్తారా ఏంటి" అనేది.

అయినా వచ్చిన చిక్కేమిటంటే, అదే పేజీ, అదే కొలత, ఇందిరమ్మ నోటి నుంచి అవే మాటలు, లక్ష్మమ్మ ఇంట్లో వండినరోజు మాత్రం రుచి వేరు. విస్తళ్ళు తీసేటప్పుడు అందరి నోటా ఒకటే మాట, "పుస్తకానిదేముందండీ, పిన్నిగారి చెయ్యి." గంటసేపు గొంతు నొప్పెట్టేలా చదివిన ఇందిరమ్మని ఎవరూ తలుచుకునేవారు కాదు. పుస్తకం తనది, నియమం తనది, పేరు లక్ష్మమ్మది. ఆమె ఇంటికి వచ్చి కాంతారావు మీద విసుక్కునేది. ఎందుకు విసుక్కుంటోందో ఆయనకి తెలిసేది కాదు.

మరుసటేడు వీధి చివర మహిళా మండలికి కొత్తగా గది కట్టారు. ప్రారంభానికి బందరు నుంచి పెద్దావిడెవరో వస్తున్నారు. ఊళ్ళో పేరున్న ఆడవాళ్ళంతా వస్తారు. హోటల్లో కొనే మైసూరుపాకం మనమే పుస్తకం చూసి చేసి పెడదామనుకున్నారు. మూకుడు దగ్గర ఎవరు కూర్చోవాలన్న ప్రశ్నే రాలేదు. "ఇంకెవరు, లక్ష్మమ్మ పిన్ని" అన్నారు అందరూ ఒక్కసారిగా. లక్ష్మమ్మ ముఖం వెలిగిపోయింది. పదిమంది ముందు తన పేరు ఎవరైనా పిలవగా విన్న మనిషి కాదావిడ. ఆ వేళకి కట్టుకోవాలని పెట్టె అడుగు నుంచి పట్టుచీర తీసి ఎండలో ఆరేసింది. ఇందిరమ్మ తన డాబా మీద నుంచి ఆ చీర చూసింది.

మర్నాడు లక్ష్మమ్మ పెరట్లో గాడిపొయ్యి తవ్వి పెద్ద మూకుడు ఎక్కించారు. పంచదార పాకానికి వచ్చింది. శనగపిండి జల్లించి సిద్ధంగా పెట్టారు. పక్కన గిన్నెలో నెయ్యి, ఎండ వేడికి కరిగి ఊరికే ఉంది. ఇందిరమ్మ చదువుతోంది. తర్వాతి వాక్యం ఆమె కళ్ళముందే ఉంది. "నెయ్యి వేరే పొయ్యి మీద మరుగుచుండవలెను. మరుగుచున్న నెయ్యి మాత్రమే కొంచెము కొంచెముగా పోయవలెను." దాన్ని చూసింది. చూసి, కింద వాక్యం చదివింది.

లక్ష్మమ్మ అట్లకాడ ఆపి తలెత్తింది. "నెయ్యి కాగి ఉండాలా ఇందిరా, ఇట్లా కరిగింది పోస్తే చాలా?"

అప్పుడైనా చెప్పొచ్చు. కాగితం వంక మళ్ళీ చూస్తున్నట్టు చూసి, "పొయ్యమనే ఉంది పిన్నీ, కాగాలని ఏం రాయలేదు" అంది ఇందిరమ్మ.

"నా చెయ్యి ఒప్పుకోవట్లేదే."

"పుస్తకంలో ఉన్నట్టే చెయ్యాలని కదా మనం అనుకున్నాం?"

లక్ష్మమ్మ తలూపి నెయ్యి పోసింది.

ఇందిరమ్మ అనుకున్నది అంత కాదు. ఏదో కొంచెం చెడుతుంది, గుల్లగా రాదు, లక్ష్మమ్మ పేరు కాస్త తగ్గుతుంది, అంతే అనుకుంది. జరిగింది వేరు. పిండి పచ్చివాసన వదల్లేదు, నెయ్యి పైకి తేలింది, పళ్ళెంలో పోసింది రాయిలా బిగిసింది. కత్తి దిగకపోతే పచ్చడిబండతో కొట్టి పగలగొట్టారు. ఇంకొకటి చేసే టైము లేదు. బందరు పెద్దావిడ ఒక ముక్క పంటి కింద పెట్టుకుని, మర్యాదగా తీసి రుమాల్లో చుట్టుకున్నారు. "గదికి ఇంకా అరుగు కట్టలేదుగా పిన్నీ, ఇవి పనికొస్తాయిలే" అంది భాగ్యమ్మ. భాగ్యమ్మ నోటికి అదుపు లేదు గాని మనసులో ఏమీ ఉండదు. అందరూ నవ్వారు. పట్టుచీరలో లక్ష్మమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత చాలాకాలం ఆ వీధిలో గట్టిపడ్డ వంటకం ఏదైనా సరే, "లక్ష్మమ్మగారి ఇటికలు" అనేవారు.

ఇందిరమ్మ నిజం రేపు చెప్తాననుకుంది. రేపు పోయి ఎల్లుండి వచ్చింది. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది, ఎందుకంటే ఎందుకు చెప్పలేదన్నది కూడా చెప్పాల్సి వస్తుంది.

అసలు శిక్ష తర్వాత మొదలైంది. లక్ష్మమ్మకి తన చేతి మీద నమ్మకం పోయింది. ఉప్పు అరచేతిలో వేసుకుని విసరబోయి ఆగిపోయేది. అనుమానంతో చేసినవి నిజంగానే చెడడం మొదలుపెట్టాయి. ఒకసారి పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది, ఒకసారి పరమాన్నం విరిగింది. "వయసు మీద పడిందే, చెయ్యి మాట వినటం లేదు" అనేది. ఇక ఏది వండాలన్నా ఇందిరమ్మ గుమ్మంలోకి వచ్చేది. "పుస్తకంలో ఎట్లా ఉందో కాస్త చదివి చెప్పవే." ముప్ఫై ఏళ్ళుగా కాస్తున్న పప్పుచారు కూడా అడిగి వెళ్ళేది. వెళ్ళేటప్పుడు, "నువ్వు లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదమ్మా" అని మనస్ఫూర్తిగా అనేది. ఇందిరమ్మ కోరుకున్న పేరు ఇదే. వీధిలో కూడా ఇప్పుడు అందరూ ఆమెనే అడుగుతున్నారు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆమెకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

అరవై మూడులో శోభనాద్రి మంచం పట్టాడు. గుండెలో నీరు చేరిందన్నారు. ఉప్పూ కారం తగ్గించమన్నాడు డాక్టరు. ఆయనేమో కొర్రమీను పులుసు కావాలని మారాం చేశాడు. లక్ష్మమ్మ పులుసంటే చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. మట్టిదాకలో కాచి, మూతపెట్టి ఉంచి, మర్నాడు పొద్దున పెట్టేది. చేప తోమి ముక్కలు కోసి, చేతులు కడుక్కుని లక్ష్మమ్మ ఇందిరమ్మ దగ్గరికే వచ్చింది.

"ఒంట్లో బాగాలేని మనిషి. నా లెక్కతో చేసి ఏదన్నా ఎక్కువ పడితే? పుస్తకంలో చేపల పులుసు తీసి చదువమ్మా."

మీకు పుస్తకం ఎందుకు పిన్నీ, మీ చేతికి తప్పు లేదు, తప్పు నాది. ఈ మాట ఇందిరమ్మ నోటిదాకా వచ్చింది. అవతల మనిషి మంచంలో ఉన్నాడు, ఈ వేళప్పుడు ఇదేమి గొడవ అని తనకి తానే సర్దిచెప్పుకుంది. పేజీ తీసి చదివింది. కొబ్బరిపాలు పొయ్యమని ఉంది, గసాలు నూరి వెయ్యమని ఉంది, దించగానే వేడిగా వడ్డించమని ఉంది. లక్ష్మమ్మ పెదాలు కదుపుతూ అంతా వల్లెవేసుకుని వెళ్ళింది. ఆ నెలలోనే శోభనాద్రి పోయాడు.

ఏడాది తిరిగాక, కొడుకు చదువు అయిపోయిందనీ, పొలం చూసుకునేవాళ్ళు లేరనీ, లక్ష్మమ్మ పెదపారుపూడి వెళ్ళిపోవడానికి సిద్ధమైంది. సామాను కడుతున్నారని తెలిసిన రోజు ఇందిరమ్మ ఇక ఆగలేకపోయింది. శనగపిండి, పంచదార, నెయ్యి, పుస్తకం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. వంటింట్లో రెండు పొయ్యిలు, ఒక మూకుడు మాత్రం ఇంకా కట్టకుండా ఉన్నాయి.

"ఇదెందుకే ఇప్పుడు? ఇటికలు కట్టిచ్చి పంపుతావా?" అంది లక్ష్మమ్మ.

"ఒక్కసారి చెయ్యండి పిన్నీ. నేను చదువుతాను."

కాదనకుండా లక్ష్మమ్మ కూర్చుంది. పాకం వచ్చింది. ఈసారి ఇందిరమ్మ ఏదీ వదల్లేదు. "నెయ్యి వేరే పొయ్యి మీద మరుగుచుండవలెను. మరుగుచున్న నెయ్యి మాత్రమే..."

లక్ష్మమ్మ చెయ్యి ఆగింది. "మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది.

"ఆ మాట అప్పుడు కూడా ఉందా అందులో?"

"ఉంది పిన్నీ."

లక్ష్మమ్మ అట్లకాడ మూకుడు అంచున ఆనించింది. "కనపళ్ళేదా అమ్మా నీకు?" అంది మెల్లగా. తప్పించుకోవడానికి దారి ఆవిడే చూపించింది. ఔనంటే నమ్మేస్తుంది కూడా.

"కనపడింది" అంది ఇందిరమ్మ. "మీరు అడిగారు కూడా. కావాలనే చెప్పలేదు. అందరూ మీ పేరే చెప్తున్నారని కడుపుమంట. నా బుద్ధి గడ్డితింది పిన్నీ."

లక్ష్మమ్మ లేచి నెయ్యి రెండో పొయ్యి మీద పెట్టింది. అది మరిగేదాకా పాకం మూకుడు దించి పక్కన పెట్టి, మళ్ళీ ఎక్కించి పిండి వేసింది. మరిగే నెయ్యి గరిటెడు పోసేసరికి మూకుడంతా బుసబుస పొంగింది. పుస్తకంలో ఇంకా నాలుగు వాక్యాలున్నాయి. ఇందిరమ్మ చదవలేదు, లక్ష్మమ్మ అడగలేదు. గరిటె బరువు చూసి ఆవిడే దించింది, పళ్ళెంలో పోసింది, వేడి తగ్గకముందే గీతలు గీసింది. ముక్క తీస్తే లోపలంతా గుల్లగా, బంగారం రంగులో వచ్చింది.

ఆ ముక్క చేత్తో పట్టుకుని అప్పుడు మాట్లాడింది లక్ష్మమ్మ. "ఇది పోతే పోయిందే. నవ్వారు, నేనూ నవ్వాను, అయిపోయింది. ఆ పులుసు ఉందే... మీ బాబాయి రెండు ముద్దలు తిని కంచం పక్కకి నెట్టారు. ఇది నీ పులుసు కాదు, ఎవరు పంపారు అన్నారు. నేనే చేశానంటే నమ్మలేదు. ఈ కాస్త కూడా చేసిపెట్టే ఓపిక లేకపోయిందా నీకు, అన్నారు. ఆ మాట మనసులో పెట్టుకునే పోయారు."

ఇందిరమ్మ తలెత్తలేకపోయింది. తిట్టినా బాగుండేది. లక్ష్మమ్మ ముక్కలన్నీ పళ్ళెంలో పేర్చి ఆమె చేతిలో పెట్టింది. "వీధిలో అందరికీ పంచిపెట్టు. చేసింది నేనని చెప్పు." అని మిగిలిన పొయ్యి బూడిద ఎత్తడానికి వంగింది.

మొదటి ఇల్లు భాగ్యమ్మది. కొరికి చూసి, కళ్ళు పెద్దవి చేసి, "ఇది పిన్నే చేసిందా? మరప్పుడు ఇటికలెందుకయ్యాయే వదినా?" అంది. ఇందిరమ్మ పళ్ళెం అరుగు మీద పెట్టి, ఎందుకయ్యాయో చెప్పింది. భాగ్యమ్మ నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది. తర్వాతి ఇంట్లోనూ చెప్పింది, ఆ తర్వాతి ఇంట్లోనూ చెప్పింది. వీధి చివరికి వచ్చేసరికి కొందరు ఆమెతో మాట్లాడడం మానేశారు. ఇందిరమ్మ దానికి బాధపడలేదు.

పులుసు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కాంతారావుకి కొర్రమీనంటే ప్రాణం. ఎప్పుడన్నా తెస్తే శుభ్రం చేసి, ఉప్పూ పసుపూ రాసి, వండమని భాగ్యమ్మ ఇంటికి పంపేది. ఎందుకని ఆయన చాలాసార్లు అడిగాడు. తనకి ఆ పులుసు కుదరదని చెప్పి ఊరుకునేది.