మా వదిన, రేడియేటరు నీళ్ళు

మా వదిన పోయిందని ఉదయగిరి నుంచి అన్న కబురు పంపాడు. నేను వెళ్ళేసరికి ఇంటి నిండా జనం. తోడికోడలికి గుక్కెడు నీళ్ళివ్వని మనిషి అని ఒకామె పక్కామెతో అనడం నా చెవిన పడింది. శవం ఇంకా లేవనే లేదు. ఆ తోడికోడలు నా భార్య. ఆ మాట పుట్టిన రోజున కారులో ఉన్నది నలుగురం. ఇద్దరు పోయారు, అన్న నోరు విప్పడు. ఇక చెప్పాల్సింది నేనే.

అది యుద్ధానికి ముందు తయారైన కారు. నెల్లూరులో ఎవరో వదిలించుకుంటుంటే అన్న కొన్నాడు. నాలుగు సిలిండర్లు, పది గుర్రాల బలం అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. "పది గుర్రాలకూ నీళ్ళు పెట్టేది నేనే గదా" అనేది వదిన. నిజమే. ప్లగ్గులకు పట్టిన మసి గీకేది ఆమె. ఇంజను స్టార్టు చెయ్యడానికి ముందు పెట్టి తిప్పే హ్యాండిల్ వెనక్కి తన్ని అన్న మణికట్టు విరిగితే, కట్టు కట్టించిందీ, కట్టు విప్పేదాకా తిట్టిందీ ఆమే. రేడియేటరు కారితే గుప్పెడు పసుపు కలిపి పోసేది. అది చిల్లులకు పట్టుకుని కొన్నాళ్ళు గడిచేది. ఆ ఇంజనుకు నీళ్ళు తిప్పే పంపు లేదు. వేడికి నీళ్ళు వాటంతటవే పైకెక్కి తిరగాలి. పై గొట్టం మునిగేదాకా నీళ్ళు లేకపోతే తిరగడం ఆగి, ఇంజను వేడెక్కి పట్టేసి బండి కదలదు. "ఇనుముకు నోరు లేదు, మనమే చూసుకోవాల" అనేది.

నా భార్యను అమ్మీ అని పిలిచేది. వేవిళ్ళతో అన్నం సయించకపోతే చింతచిగురు పప్పు వండి దగ్గర కూర్చుని తినిపించేది.

వానల్లేని ఏడు, నడి ఎండల్లో నా భార్యకు కాన్పు కష్టమైంది. మంత్రసాని చేతులెత్తేసి ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకుపొమ్మంది. అన్న నడిపాడు. వెనక సీట్లో ఆమె తల నా ఒళ్ళో ఉంది. వదిన కాళ్ళ దగ్గర నీళ్ళ కడవ. దారిలో రేడియేటరు కారడం మొదలైంది. ఆగి పోశాం, మళ్ళీ ఆగి పోశాం. వాగుల్లో ఇసుక తప్ప ఏమీ లేదు. కడవలో చెంబెడు మిగిలినప్పుడు ఇంజను మళ్ళీ పొగలు కక్కింది. అప్పుడే నా భార్య నీళ్ళడిగింది.

ఒక్క గుక్క ఇవ్వమని నేను బతిమాలాను.

"గొట్టం మునగాల అబ్బయ్యా. బండి ఆగితే అమ్మి దక్కదు" అని వదిన దిగి, చెంబంతా రేడియేటర్లో పోసింది. నా మీద పడాల్సిన బరువు తన నెత్తిన వేసుకుంది. అందుకు ఆమెకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

కారు కదిలింది. ఆత్మకూరు ఇంకా దూరం ఉండగానే నా భార్య కళ్ళు తేలేసింది. గొంతులో గురక మొదలైంది. అది ఆఖరి గురకని వదినకు తెలుసు. ఆపండి అంది. అన్న ఆపలేదు. భుజం పట్టి గుంజి ఆపించింది. దిగి, రేడియేటరు అడుగున ఉన్న కుళాయి తిప్పింది. ఆ నీళ్ళు పోతే కారు ఇక కదలదని అందరికంటే ఆమెకే బాగా తెలుసు. తుప్పు రంగు నీళ్ళు కాగుతూ చెంబులోకి దిగాయి. రోడ్డు మీద కూర్చుని, చెంబులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి చెంబులోకి, పాలు చల్లార్చినట్టు తిరగబోసింది. నాలుక మీద వేసుకుని చూసుకుంది. గిన్నె తెచ్చి నా భార్య నోట్లో పోసింది. "తాగు తల్లీ" అంది.

మొదటి గుక్క దిగింది. వదిన మళ్ళీ వెళ్ళి రోడ్డు మీద కూర్చుంది. ఇంతలో నా ఒళ్ళో గురక ఆగిపోయింది. ఇక అక్కర్లేదని చెప్పడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు. ఆమె మిగిలిన నీళ్ళు తిరగబోసి చల్లారుస్తూనే ఉంది.